కులాన్ని కొలిచిన ఆర్థికవేత్త

రానున్న జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. అంతకు కొద్ది నెలల ముందే తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే జరిపి ఫలితాలను వెల్లడించింది. రాష్ట్ర జనాభాలో ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతం అని తేల్చింది. ఎవరెంతమందో తెలియాలన్న డిమాండ్ న్యాయమైనదే, ఆలస్యంగా నెరవేరుతున్నదే. అయితే తలల లెక్క ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఒకే చదువు, ఒకే మార్కులు ఉన్న ఇద్దరిలో ఒకరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చి మరొకరికి ఎందుకు రాదో అది చెప్పదు. ఒకే పాలకేంద్రంలో ఒకరి పాలు తీసుకుని మరొకరి పాలు ఎందుకు వద్దంటారో చెప్పదు. మన సంఖ్య ఎంత అన్నది ఒక లెక్క. మన పట్ల జరుగుతున్నది ఎంత అన్నది మరో లెక్క. ఈ రెండో లెక్కకు భారతదేశంలో శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్‌ది. కులగణన చర్చ వేడెక్కిన ఈ కాలంలో ఆయన జీవితకృషిని తెలుగు పాఠకులు నెమరువేసుకోవలసిన అవసరం ఉంది. ఆ కృషి ఎక్కడ ఫలించిందో, ఎక్కడ గోడకు తగిలి ఆగిందో తెలిస్తే మనం చేయవలసిన పని కూడా స్పష్టమవుతుంది.

థోరాట్ 1949లో మహారాష్ట్రలోని అమరావతి జిల్లా మహిమాపూర్ గ్రామంలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. డిగ్రీ చదువు ఔరంగాబాద్ మిలింద్ కళాశాలలో సాగింది. డాక్టర్ అంబేడ్కర్ నెలకొల్పిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో ఆ కళాశాలను ప్రారంభించింది. అప్పటికి ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. మనకూ మరాఠ్వాడాకూ ఒకే సర్కారు ఉన్న రోజుల్లో, బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లల కోసం అంబేడ్కర్ నాటిన విత్తనం అది. దాని నీడలో చదివిన తరం తర్వాతి రోజుల్లో మరాఠీ దళిత సాహిత్యాన్ని, ఉద్యమాన్ని, విద్యారంగాన్ని మార్చివేసింది. 1970వ దశకంలో థోరాట్ ఔరంగాబాద్‌లోనే అధ్యాపకుడిగా పనిచేశారు. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలన్న తీర్మానంపై 1978లో దళిత వాడలు తగలబడినది ఆ దశకంలోనే. ఒక పేరు మార్పు కోసం ఊళ్లకు ఊళ్లు కాలిపోవడం, ఆ పేరు చివరికి 1994లో గాని బోర్డు మీదికి ఎక్కకపోవడం ఆ తరం కళ్లెదుట జరిగిన చరిత్ర.

అక్కడి నుంచి ఆయన ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడే పరిశోధన పూర్తిచేసి, 1980 నుంచి ప్రాంతీయ అభివృద్ధి అధ్యయన కేంద్రంలో బోధించారు. ఇక్కడొక విషయం గమనించాలి. ఆర్థికశాస్త్రంలో థోరాట్‌కు తొలుత పేరు తెచ్చినది కులంపై చేసిన పని కాదు, వ్యవసాయంపైనా గ్రామీణ పేదరికంపైనా చేసిన పని. వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కోసం షెంగెన్ ఫాన్, పీటర్ హేజెల్‌లతో కలిసి ఆయన 1999లో వెలువరించిన అధ్యయనం అభివృద్ధి ఆర్థికశాస్త్రంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ప్రభుత్వం గ్రామాల్లో పెట్టే ఖర్చులో ఏ రూపాయి పేదరికాన్ని ఎక్కువగా తగ్గిస్తుందన్నది అందులోని ప్రశ్న. గ్రామీణ రోడ్లు, ఆ తర్వాత వ్యవసాయ పరిశోధన అన్నది అది చెప్పిన జవాబు. దళిత మేధావి అనగానే అనుభవం తప్ప శాస్త్రం ఉండదని భావించే అకడమిక్ లోకంలో, ప్రధాన స్రవంతి పద్ధతుల్లోనే తన సత్తా నిరూపించుకున్న తర్వాత ఆయన కులం వైపు పూర్తిగా తిరిగారు. అదే గణితాన్ని, అదే సర్వే పద్ధతులను అంటరానితనం మీద ప్రయోగించారు.

మన దేశంలో ఆర్థికశాస్త్రం కులాన్ని చాలాకాలం సమాజశాస్త్రవేత్తల ఖాతాలో వేసి చేతులు దులుపుకొంది. పేదరికం గురించి వేల పుటలు రాసినవారు సైతం కులాన్ని ఒక పట్టికలోని నిలువు గడిగా మాత్రమే చూశారు. దళితులు పేదలు ఎందుకంటే వారికి భూమి లేదు, చదువు లేదు అని చెప్పి అక్కడే ఆగారు. భూమి, చదువు ఎందుకు లేవన్న ప్రశ్న, ఉన్నవారికి కూడా సమాన ప్రతిఫలం ఎందుకు దక్కడం లేదన్న ప్రశ్న వారిని వేధించలేదు. పాశ్చాత్య ఆర్థికశాస్త్రంలో గ్యారీ బెకర్ 1957లోనే వివక్షపై సిద్ధాంతం ప్రతిపాదించాడు. వివక్ష చూపే యజమాని ప్రతిభావంతులను వదులుకుని నష్టపోతాడు కాబట్టి, పోటీ పెరిగిన కొద్దీ మార్కెట్టే వివక్షను తుడిచిపెడుతుందన్న ఆశ ఆ ఆలోచన నుంచి బలపడింది. సరళీకరణ తర్వాత మన దేశంలో వినవచ్చిన మాట కూడా అదే. పెట్టుబడికి కులం ఉండదు, కంప్యూటర్‌కు కులం తెలియదు అన్నారు.

థోరాట్ వాదన దీనికి ఎదురు నిలిచింది. కులం మనసులోని చెడ్డ ఊహ మాత్రమే అయితే మార్కెట్ దాన్ని అరగదీసేదేమో. కానీ అది ఆస్తి, వృత్తి, విద్యలపై హక్కులను పుట్టుకతో పంచి, ఆ పంపకాన్ని శిక్షతో కాపాడిన ఆర్థిక వ్యవస్థ. ఈ చూపుకు మూలం అంబేడ్కరే. కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థికశాస్త్రం చదివి, రూపాయి సమస్యపై 1923లో గ్రంథం ప్రచురించిన అంబేడ్కర్, కులం పనిని విభజించడంతో ఆగక పనిచేసేవారినే మెట్లుగా విభజిస్తుందని 1936 నాటికే తేల్చి చెప్పారు. థోరాట్ ఆ సూత్రాన్ని కొలవదగిన ప్రశ్నలుగా మార్చారు. వివక్ష రెండు రూపాల్లో ఉంటుందన్నారు. ఒకటి, అసలు లోపలికే రానివ్వకపోవడం: పని ఇవ్వరు, భూమి అమ్మరు, ఇల్లు అద్దెకివ్వరు. రెండోది, రానిచ్చి వేరే షరతులు పెట్టడం: కూలి తక్కువ, వడ్డీ ఎక్కువ, సరుకుకు ధర తక్కువ. ఈ రెండింటినీ పొలంలో, దుకాణంలో, బ్యాంకులో, రేషన్ షాపులో విడివిడిగా కొలవవచ్చు. 2003లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్‌కు ఆయన సారథ్యం వహించింది ఈ కొలత కోసమే.

ఆ కొలతల్లో తెలుగు నేల కూడా ఉంది. ఘనశ్యామ్ షా, హర్ష మందర్, సతీష్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్‌లతో కలిసి థోరాట్ 2006లో వెలువరించిన గ్రామీణ అంటరానితనంపై గ్రంథానికి 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల సర్వే ఆధారం. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రాల్లో ఒకటి. గుడి, బావి, టీ హోటల్‌లో రెండు గ్లాసులు అందరూ ఊహించే విషయాలే. ఆ సర్వే అంతటితో ఆగలేదు. పాల సహకార సంఘంలో దళితులు పాలు పోయగలుగుతున్నారా, పోస్ట్‌మ్యాన్ ఉత్తరం ఇంటికి తెచ్చి ఇస్తున్నాడా, ఆరోగ్య కార్యకర్త వాడలోకి వస్తున్నదా అని అడిగింది. అంటరానితనం పండుగ రోజున గుడి ముందు మాత్రమే కనిపించే ఆచారం అనుకునేవారికి, అది ప్రతి ఉదయం పాలక్యాను దగ్గర ఒక కుటుంబం ఆదాయాన్ని కోసేస్తుందని ఆ పుస్తకం చూపింది. చర్మకారుడి బిడ్డ గేదెను కొనుక్కుంటే చాలు, పేదరికం నుంచి బయటపడతాడని రుణ పథకం రాసే అధికారి భావిస్తాడు. ఆ గేదె పాలు ఎవరు కొంటారన్నది పథకంలో ఉండదు.

మధ్యాహ్న భోజనంపైనా రేషన్ షాపులపైనా ఆయన, జోయెల్ లీ కలిసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాలను చూసింది. రాజస్థాన్ వంటి రాష్ట్రాలతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో దళిత స్త్రీలను వంట మనుషులుగా నియమించడం, భోజన కేంద్రాలు దళిత వాడలకు అందుబాటులో ఉండడం ఎంతో మెరుగ్గా ఉందని అది గుర్తించింది. ఇది ఉబ్బిపోవడానికి చెప్పుకునే ముచ్చట కాదు. మహిళా సంఘాల ద్వారా వంట బాధ్యత అప్పగించే పద్ధతి, దళిత ఉద్యమాల ఒత్తిడి ఉన్నచోట ప్రభుత్వ పథకం భిన్నంగా నడిచిందని అర్థం. దళిత స్త్రీ వండితే పిల్లలను బడి మాన్పించిన ఘటనలను కూడా అదే అధ్యయనం నమోదు చేసింది. వంటశాల ఎక్కడ పెట్టాలి, గరిటె ఎవరి చేతికివ్వాలి అన్న చిన్న పరిపాలనా నిర్ణయంలోనే కులం గెలవడమో ఓడడమో ఉంటుందన్నది అందులోని పాఠం.

గ్రామం అలాంటిదే, నగరంలో కులం లేదు అనేవారికి జవాబు 2007 అక్టోబర్‌లో వచ్చింది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త పాల్ అట్‌వెల్‌తో కలిసి థోరాట్ చేసిన పరీక్ష ఫలితాలను ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రచురించింది. పద్ధతి సూటిగా ఉంటుంది. ఆంగ్ల దినపత్రికల్లో ప్రైవేటు కంపెనీలు ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు, 66 వారాల పాటు, మొత్తం 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా పేరులోనే: ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే, అంటే 0.67. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు, అంటే 0.33. ఈ దరఖాస్తుదారులు ఇంకా ఎవరి ఎదుటా కూర్చోలేదు. వారి ఇంగ్లిష్ ఉచ్చారణను ఎవరూ వినలేదు, వారి చొక్కాను ఎవరూ చూడలేదు. ఆత్మవిశ్వాసం లేదనీ భావ వ్యక్తీకరణ నైపుణ్యం లేదనీ అనడానికి అవకాశమే లేదు. కాగితం మీద పేరు చదివిన కొద్ది క్షణాల్లో జరిగిన నిర్ణయం అది.

అదే సంచికలో సురిందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ 25 మంది మానవ వనరుల అధికారులతో జరిపిన సంభాషణల విశ్లేషణ కూడా వచ్చింది. ప్రతిభ ఒక్కటే చూస్తామని చెప్పిన ఆ అధికారులే అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడుగుతామని కూడా చెప్పారు. ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే ప్రతిభ అనే మాట ఏం చేస్తున్నదో తెలుస్తుంది. తిరస్కరించినవారికి తాము కులం చూశామన్న స్పృహ కూడా ఉండదు. తిరస్కృతుడికి తనకు ఏం జరిగిందో తెలిసే వీలే లేదు. అనుమానం మాత్రం మిగులుతుంది. ఆ అనుమానాన్ని నోరు విప్పి చెబితే ఆత్మన్యూనత అంటారు. వేలాది దరఖాస్తులను ఒకచోట చేర్చి చూసినప్పుడే ఆ అనుమానం రుజువుగా మారుతుంది. థోరాట్ కృషిలోని నైతిక విలువ అక్కడే ఉంది. రుజువు చేయవలసిన భారాన్ని ఒంటరి బాధితుడి భుజం మీది నుంచి దింపి శాస్త్రం మీద పెట్టారు.

ఈ పరీక్షలు సాగుతున్న రోజుల్లోనే ఆయన పాలనాధికారంలోకి వచ్చారు. 2006 ఫిబ్రవరి నుంచి 2011 ఫిబ్రవరి వరకు యూజీసీ ఛైర్మన్‌గా ఉన్నారు. కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్‌పై వీధులు వేడెక్కిన కాలం అది. 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఉన్నత విద్యలో ఎవరు చేరుతున్నారన్న సగటు సంఖ్యను కులం, లింగం, మతం, ప్రాంతం వారీగా విడదీసి చూడడం ఆయన హయాంలో యూజీసీ ప్రణాళికల్లో ముఖ్యాంశమైంది. సామాజిక వెలి, సమ్మిళిత విధానాల అధ్యయన కేంద్రాలు అనేక విశ్వవిద్యాలయాల్లో వెలిశాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఒకటి ఏర్పడింది. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ యూజీసీ ద్వారా అందిన తొలి సంవత్సరాలు కూడా అవే. మన విశ్వవిద్యాలయాల్లో ఇంటి నుంచి ఒక్క రూపాయి తెచ్చుకోలేని విద్యార్థి ఐదేళ్లు పరిశోధన చేయగలగడం వెనుక ఆ ఫెలోషిప్ ఉంది. ప్రయోగశాలలో, గ్రంథాలయంలో ఒక తరం నిలబడింది దాని మీదే.

రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళనకు కేంద్రంగా నిలిచిన ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష ఆరోపణలను విచారించడానికి 2006లో కేంద్రం నియమించిన కమిటీకి థోరాట్ అధ్యక్షుడు. 2007లో వచ్చిన ఆ నివేదిక దేశంలోని అత్యున్నత వైద్య కళాశాల హాస్టల్‌లో ఒక వాడను చూపించింది. వేధింపులు భరించలేక ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు కొన్ని అంతస్తులకు తరలి ఒకచోట గుమిగూడడం, మెస్‌లో, ఆటల్లో వేరుగా ఉంచడం, ప్రాక్టికల్, వైవా పరీక్షల్లో అన్యాయం జరుగుతున్నదన్న ఫిర్యాదులు అందులో నమోదయ్యాయి. సంస్థ యాజమాన్యం నివేదికను అంగీకరించలేదు. దేశంలో ఒక ఉన్నత విద్యాసంస్థలోని కుల వివక్షను ప్రభుత్వ కమిటీ అంత వివరంగా విచారించడం అరుదైన విషయం. దాని సిఫార్సులకు పట్టిన గతి మాత్రం మనకు కొత్త కాదు.

థోరాట్ జీవితం మనకు చెప్పే కఠినమైన నిజం ఇక్కడుంది. కొలత చేతిలో ఉంది, పదవీ చేతిలో ఉంది, అయినా సంస్థ కదలలేదు. సామాజిక వెలిపై అధ్యయన కేంద్రం ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే, హాస్టల్ నుంచి వెలివేతకు గురైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. వెలివేతను పాఠ్యాంశంగా చదివించే ప్రాంగణం, వెలివేతను శిక్షగా విధించగలిగింది. వివక్ష నివారణకు యూజీసీ 2012లో తెచ్చిన నిబంధనలు అమలు కావడం లేదని రోహిత్ తల్లి, ముంబైలో 2019లో మరణించిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. నిబంధన ఉంది, కమిటీ ఉంది, అధికారి పేరు నోటీసు బోర్డు మీద ఉంది. ఏటా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, వైవా మార్కుల్లో తేడా ఎంత అని బయటికి చెప్పవలసిన బాధ్యత ఎవరి మీదా గట్టిగా లేకపోవడమే లోపం. కొలత ఒకసారి చేసి వదిలేస్తే అది నివేదిక అవుతుంది. ఏటా చేసి ప్రకటించవలసి వస్తేనే అది అదుపు అవుతుంది.

ఆయన కృషిని గౌరవించడమంటే విమర్శ మానుకోవడం కాదు. ఆయన ఛైర్మన్‌గా ఉండగా 2010లో వచ్చిన యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పనిని పాయింట్లలో లెక్కించే ఏపీఐ పద్ధతిని తెచ్చాయి. పక్షపాతానికి అడ్డుకట్ట పడుతుందన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆచరణలో అది నాసిరకం పత్రికలకు, డబ్బిచ్చి అచ్చు వేయించుకునే వ్యాసాలకు గిరాకీ పెంచింది. తెలుగులో రాసే, జనంలో తిరిగే అధ్యాపకుడి పనికి పాయింట్ దొరకలేదు. పాఠ్యపుస్తకంలోని అంబేడ్కర్ కార్టూన్‌పై 2012లో రేగిన వివాదంలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల సమీక్షకు వేసిన కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. పలు కార్టూన్లను తొలగించాలని కమిటీ సిఫార్సు చేయగా, సభ్యుడైన ఎం.ఎస్.ఎస్. పాండియన్ విభేదించారు. దళిత విద్యార్థి మనసు నొచ్చుకోవడం ఎంత నిజమో, వ్యంగ్యాన్ని పాఠ్యపుస్తకం నుంచి తీసివేసే అధికారం రేపు ఎవరి చేతికి చేరుతుందన్న భయమూ అంతే నిజం. తర్వాతి సంవత్సరాల్లో పాఠ్యపుస్తకాలకు జరిగింది చూస్తే పాండియన్ హెచ్చరికే ముందుచూపుగా తోస్తుంది.

మూడో విమర్శ తెలుగు నేల నుంచి రావలసినది. 0.67 అన్న అంకె అంటరాని కులాలన్నిటినీ ఒక్క పేరు కింద చేర్చి తీసిన సగటు. అగ్రకులానికీ దళితులకూ మధ్య గీతను అది కచ్చితంగా కొలిచింది. దళితుల లోపలి గీతలను కొలవలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగిన ప్రశ్న సరిగ్గా అదే. ఒకే గొడుగు కింద ఉన్నవారిలో వాన ఎవరి మీద ఎక్కువ పడుతున్నదో చూడండి అన్నది. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్, 2000 నాటి చట్టం, 2004లో దాన్ని కొట్టివేసిన ఇ.వి. చిన్నయ్య తీర్పు, 2024 ఆగస్టు 1న వర్గీకరణకు అనుమతిచ్చిన ఏడుగురు న్యాయమూర్తుల తీర్పు, ఇవన్నీ మూడు దశాబ్దాల ఆ ప్రశ్న నడిచిన దారి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ వర్గీకరణను అమల్లోకి తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. వివక్షను కొలవాలన్న సూత్రాన్ని నమ్మేవారెవరైనా ఆ కొలబద్దను దళితుల లోపలికి కూడా తీసుకెళ్లక తప్పదు. డక్కలి, మాష్టిన్, రెల్లి వంటి చిన్న కులాల పిల్లలు ఎన్నో తరగతిలో బడి మానుతున్నారో తెలియకుండా వర్గీకరణ న్యాయం పూర్తి కాదు.

అయితే వర్గీకరణ ముసుగులో మరో వాదన దూరుతున్నది. అక్కడ థోరాట్ కొలతే మనకు డాలు. 2024 తీర్పులో నలుగురు న్యాయమూర్తులు ఎస్సీ, ఎస్టీలలో కూడా సంపన్న శ్రేణిని గుర్తించి తప్పించాలని అభిప్రాయపడ్డారు. వర్గీకరణ, సంపన్న శ్రేణి ఒకటి కావు. వర్గీకరణలో వెనుకబడిన కులానికి దాని వాటా దాని చేతికే చేరుతుంది. సంపన్న శ్రేణి పేరిట, డబ్బు రాగానే వివక్ష పోతుందన్న ఊహ మీద ఆధారపడి వ్యక్తులను తప్పిస్తారు. థోరాట్ చాలాకాలంగా చెబుతున్నది ఈ తేడానే. ఆర్థిక సహాయం కావలసింది పేదరికానికి. ఫీజు మినహాయింపు, స్కాలర్‌షిప్ వంటివి స్థోమత ఉన్నవారికి ఆపవచ్చు. రిజర్వేషన్ ఉన్నది వివక్ష నుంచి రక్షణకు. వివక్ష బ్యాంకు బ్యాలెన్స్ చూసి ఆగదు. 2007 పరీక్షలో పిలుపు రానివి డిగ్రీ, ఇంగ్లిష్, మంచి దరఖాస్తు అన్నీ ఉన్న పేర్లే. ఎయిమ్స్ హాస్టల్‌లో వేరుపడినవారు దేశంలోని అత్యంత కఠినమైన ప్రవేశ పరీక్ష దాటినవారే. చదువుకున్న దళితుడిపై వివక్ష ఉండదనేవారు దానికి రుజువు చూపాలి. ఉందన్న రుజువు మన చేతిలో ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఎక్కడ మొదలుకావాలి? మొదటిది, పేరు పరీక్ష. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, ఫార్మా కంపెనీల్లో, విశాఖ, విజయవాడల ప్రైవేటు ఆస్పత్రుల్లో, కార్పొరేట్ కళాశాలల్లో ఈ పరీక్షను మన పద్ధతిలో రూపొందించుకోవాలి. ఉత్తరాది నమూనా ఇక్కడ యథాతథంగా పనికిరాదు. రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్ వంటి తోకలు కొందరికే ఉన్నాయి. రావు అన్నది అనేక కులాల్లో ఉంది. మన దగ్గర కులం ఇంటిపేరులో, ఊరి పేరులో, క్రైస్తవ పేరులో, చిరునామాలోని ఎస్సీ కాలనీ అన్న మాటలో, ప్రవేశ పరీక్ష ర్యాంకులో దాగి ఉంటుంది. మీదే ఊరు, మీవాళ్లెవరు అన్న రెండు ప్రశ్నలతో బయటపడుతుంది. ఈ జాడలన్నీ తెలిసిన తెలుగు పరిశోధకులే ఆ పరీక్షను నిర్మించగలరు. రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్లు దానికి నిధులివ్వాలి.

రెండోది, విశ్వవిద్యాలయాలు. రాత పరీక్ష మార్కులకూ వైవా, ఇంటర్నల్ మార్కులకూ మధ్య తేడా సామాజిక వర్గాల వారీగా ఎంతుందో, పీహెచ్‌డీలో చేరినవారిలో ఎవరికి గైడ్ ఎంతకాలానికి దొరికారో, ఎందరు మధ్యలో మానేశారో ఏటా ప్రకటించాలి. ఈ వివరాలన్నీ పరీక్షల విభాగంలో, పరిశోధన విభాగంలో ఉన్నవే. కొత్తగా సేకరించనక్కర్లేదు, బయట పెడితే చాలు. అధ్యాపకులుగా మాకు ఇది ఇబ్బంది కలిగించే లెక్కే. మార్కులు వేసే చేయి మాదే కాబట్టి మొదట చూపవలసింది కూడా మేమే.

మూడోది, ప్రైవేటు రంగం. 2004లో అధికారంలోకి వచ్చిన యూపీఏ ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్‌పై చర్చను ఎత్తుకుంటే, పారిశ్రామిక సంఘాలు 2006లో స్వచ్ఛంద చర్యల హామీతో సరిపెట్టాయి. ఉద్యోగుల్లో ఏ వర్గం ఎంతమందో చెప్పమంటే గోప్యత అడ్డం వస్తుంది. అదే ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసినప్పుడు, ఎవరు స్థానికులో లెక్క చూపమని ప్రభుత్వం కంపెనీలను అడగగలిగింది. పుట్టిన ఊరు అడగగలిగినప్పుడు సామాజిక వర్గం అడగడం అసాధ్యమేమీ కాదు. ప్రభుత్వ భూమి, విద్యుత్ రాయితీ, పన్ను మినహాయింపు పొందే ప్రతి సంస్థ తన నియామకాల సామాజిక వివరాలు సమర్పించాలన్న షరతు పెట్టడానికి రిజర్వేషన్ చట్టం కూడా అక్కర్లేదు. ఒప్పందంలో ఒక వాక్యం చాలు.

థోరాట్‌కు 2008లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత ఐసీఎస్ఎస్ఆర్ ఛైర్మన్‌గా పనిచేశారు. డెబ్బై అయిదేళ్లు దాటిన వయసులో కర్ణాటక రాష్ట్ర విద్యా విధాన కమిషన్‌కు అధ్యక్షత వహించి 2025 ఆగస్టులో నివేదిక అందజేశారు. ఈ పదవుల జాబితా ఆయన కుర్చీ ఎంత ఎత్తుకు చేరిందో చెబుతుంది. ఆయన పరిశోధన అడిగిన ప్రశ్న మాత్రం అదే చోట నిలిచి ఉంది: సమానమైన దరఖాస్తుకు సమానమైన జవాబు ఎప్పుడు వస్తుంది? ఇళ్లకు తిరిగి తలలు లెక్కపెట్టడానికి లక్షలాది సిబ్బందిని కదిలించే ప్రభుత్వాలు, దానికయ్యే ఖర్చులో అతి చిన్న భాగంతో ఈ రెండో లెక్కనూ తేల్చగలవు. జనాభాలో మా వాటా ఎంత అని అడుగుతున్న ఉద్యమాలు, తిరస్కరణల్లో మా వాటా ఎంత అని కూడా ఇకనుంచి అదే గొంతుతో అడగాలి.